చందా ఆపిన రోజున చేతిలో ఏం మిగులుతుంది?

కోనసీమలో ఇంటి ముంగిట వేసిన కొబ్బరాకు పందిరి కింద, పగటి ముహూర్తానికి తీసిన పెళ్లి ఫొటోను కంప్యూటరులో తెరవగానే ముందుగా కంటికి తగిలేది పచ్చదనం. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ పెళ్లికొడుకు తెల్ల పంచె మీద లేత ఆకుపచ్చగా పరుచుకుంటుంది. పెళ్లికూతురి ముఖాన రాసిన పసుపు ఆ పచ్చతో కలిసి, జ్వరం పడి లేచిన మనిషి ఛాయను తెస్తుంది. అనుభవమున్న ఫొటోగ్రాఫరు టింట్ స్లైడరును గులాబీ వైపు కాస్త జరిపి, ఆకుపచ్చ రంగు గాఢతను విడిగా తగ్గించి, పంచె అంచు తెల్లబడేదాకా చూసుకొని ఆపుతాడు. ఆ తరువాత అదే సవరణను అదే పందిరి కింద తీసిన మిగతా నాలుగు వందల ఫొటోలకూ ఒక్కసారిగా వర్తింపజేస్తాడు. ఇది పది నిమిషాల పని. కాని ఆ పనిని ఏ సాఫ్ట్‌వేరులో చేశాడు, దానికి నెలనెలా చందా కడుతున్నాడా లేక ఒకేసారి డబ్బిచ్చి కొన్నాడా అన్నదాన్ని బట్టి, ఆరేళ్ల తరువాత పెళ్లికూతురి తమ్ముడు వచ్చి ఆ ఫొటోనే పెద్దదిగా వేయించి ఇమ్మని అడిగినప్పుడు ఇవ్వగలడా లేదా అన్నది తేలుతుంది.

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం వంటి ఊళ్లలో స్టూడియోలు నడిపేవారు ఈ విషయాన్ని సాధారణంగా ధరతో మొదలుపెట్టి ధరతోనే ముగిస్తారు. నెలకు ఇంత కట్టడం తేలికా, ఒకేసారి అంత పెట్టడం తేలికా అన్న లెక్క అవసరమే, ఆ లెక్కను నేనూ కింద చేసి చూపిస్తాను. కాని ఎన్నో ఏళ్లుగా ఈ పనిలో ఉండి, రెండు పద్ధతులనూ వాడి, రెండింటి వల్లా నష్టపోయిన మనిషిగా నేను ముందు అడిగే ప్రశ్న వేరు. డబ్బు కట్టడం ఆపిన రోజున, లేదా ఉన్న కంప్యూటరు పాడైపోయిన రోజున, ఇన్నాళ్లు చేసిన పనిలో నా చేతిలో ఏది మిగులుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే ధర ప్రశ్న చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది.

కౌలు చేను, సొంత చేను

డెల్టా రైతుకు ఈ తేడా చెప్పనక్కరలేదు. కౌలుకు తీసుకున్న చేనులో ఎన్ని పంటలు పండించినా, శిస్తు కట్టని ఏడాది గట్టు మీద కాలు పెట్టే హక్కు ఉండదు. చందా సాఫ్ట్‌వేరు సరిగ్గా ఇదే. ఒకేసారి కొన్న సాఫ్ట్‌వేరు సొంత చేను లాంటిదని చాలామంది అనుకుంటారు గాని, ఆ పోలిక సగమే నిజం. మనం కొనేది సాఫ్ట్‌వేరును కాదు, దాన్ని వాడుకునే అనుమతిని, అంటే లైసెన్సును. ఆ లైసెన్సుకు గడువు లేదన్నదే శాశ్వత లైసెన్సులోని శాశ్వతత్వం. సొంత చేనుకైనా నీటి తీరువా తప్పనట్టే, దీనికీ కొత్త కెమెరా వచ్చినప్పుడో కంప్యూటరు మార్చినప్పుడో కొత్త వెర్షను రూపంలో ఖర్చు తగులుతుంది. ఆ ఖర్చు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించుకునే వీలు మాత్రం కొనుగోలుదారుకే ఉంటుంది. చందాలో ఆ వీలు కంపెనీ చేతిలో ఉంటుంది.

ఈ మార్పు ఎలా వచ్చిందో చూస్తే విషయం తేటపడుతుంది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఫోటోషాప్‌ను అడోబీ సంస్థ 1990లో విడుదల చేసింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా దాన్ని పెట్టెలో పెట్టి అమ్మింది. 2012లో వచ్చిన సీఎస్6 ఆ వరసలో ఆఖరిది. ఇకపై కొత్త వెర్షన్లన్నీ చందా మీదే ఇస్తామని 2013 మే నెలలో ప్రకటించింది. వేల ఫొటోలను ఒకేచోట సర్దుకొని సవరించుకునే లైట్‌రూమ్ మరికొంత కాలం పాత పద్ధతిలో దొరికింది గాని, 2015లో వచ్చిన ఆరో వెర్షనుతో అదీ ఆగిపోయింది. 2017 డిసెంబరులో దానికి చివరి అప్‌డేట్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఇక్కడ చందా పద్ధతికి న్యాయం చేయాలి. అమెరికాలో సీఎస్6 ఫోటోషాప్ ధర 699 డాలర్లు, లైట్‌రూమ్ 6 ధర 149 డాలర్లు, రెండూ కలిపితే 848 డాలర్లు. ఆ రెండింటినీ కలిపి ఇచ్చిన ఫొటోగ్రఫీ ప్లానుకు చాలా ఏళ్లపాటు నెలకు 9.99 డాలర్లే తీసుకున్నారు. ఆ లెక్కన పాత కొనుగోలు ధరతో సమానం కావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. కొత్తగా స్టూడియో తెరిచిన కుర్రవాడికి ఒక్కసారిగా అంత పెట్టుబడి పెట్టే అవసరం తప్పించింది చందానే. అయితే 20 జీబీ స్టోరేజీతో ఉన్న ఆ చౌక ప్లానును 2025 జనవరి నుంచి కొత్తవారికి ఇవ్వడం మానేశారు. మిగిలిన 1 టీబీ ప్లాను ధర నెలకు 19.99 డాలర్లు. అదే 848 డాలర్లతో పోలిస్తే ఇప్పుడు ఏడేళ్ల లెక్క మూడున్నరేళ్లకు దిగింది. సాఫ్ట్‌వేరు మారింది, సదుపాయాలు పెరిగాయి, అందులో సందేహం లేదు. కాని కౌలు రేటు పెంచే అధికారం ఎవరి దగ్గర ఉందో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఫొటో వేరు, సవరణల చిట్టా వేరు

ఇప్పుడు అసలు చిక్కుముడి. పందిరి కింద ఫొటోలో ఆకుపచ్చను తగ్గించాం అన్నాను కదా, నిజానికి ఆ ఫొటో ఫైలులో ఒక్క చుక్క కూడా మారలేదు. కెమెరా ఇచ్చిన రా ఫైలును, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు ఉండే వండని ఫొటోను, ఈనాటి సాఫ్ట్‌వేర్లు ముట్టుకోవు. టింట్ ఇంత, వెలుతురు ఇంత, ఆకుపచ్చ గాఢత ఇంత, ఇక్కడినుంచి ఇక్కడిదాకా కత్తిరింపు అని ఒక చిట్టా మాత్రం రాసుకుంటాయి. ఫొటో తెరిచిన ప్రతిసారీ ఆ చిట్టాను చదివి, రా ఫైలు మీద అప్పటికప్పుడు వండి, తెర మీద చూపిస్తాయి. ఫొటోలను మన డిస్కులోనే ఉంచే రకమైన లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఈ చిట్టాలన్నీ కెటలాగ్ అనే ఒక డేటాబేస్ ఫైలులో ఉంటాయి. కోరుకుంటే ప్రతి ఫొటో పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలుగా కూడా రాయించుకోవచ్చు.

ఎక్స్‌ఎంపీ ఉంది కదా, మరో సాఫ్ట్‌వేరులో తెరుచుకోవచ్చు కదా అని ధీమాగా ఉండేవారు చాలామంది ఉన్నారు. ఫొటోకు ఇచ్చిన నక్షత్రాలు, పేర్లు, కీలక పదాలు వంటివి వేరే సాఫ్ట్‌వేర్లు చాలావరకు చదువుతాయి. రంగుల చిట్టా సంగతి వేరు. ఒక వంటమనిషి "చారెడు ఉప్పు" అని రాసుకుంటే, ఆ చారెడు ఎంతో ఆమె చేతికే తెలుస్తుంది. ఒక సాఫ్ట్‌వేరులో టింట్ 18 అంటే ఏమిటో ఆ సాఫ్ట్‌వేరుకే తెలుసు, ఎందుకంటే రా ఫైలును రంగులుగా మార్చే లోపలి యంత్రాంగం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందుకే సాఫ్ట్‌వేరు మారిన రోజున ఫొటోలన్నీ భద్రంగా వస్తాయి, వాటి మీద పడిన శ్రమ మాత్రం వెనకే ఉండిపోతుంది. మనల్ని నిజంగా కట్టిపడేసేది నెలవారీ బిల్లు కాదు, ఈ చిట్టా. దీన్ని అర్థం చేసుకోకుండా ధరలు పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

చందా ఆపితే ఏమవుతుందో ఇక నిర్దిష్టంగా చెప్పుకోవచ్చు. లైట్‌రూమ్ క్లాసిక్ పూర్తిగా మూసుకుపోదు; కెటలాగ్ తెరుచుకుంటుంది, ఫొటోలు కనిపిస్తాయి, అప్పటివరకు చేసిన సవరణలతో వాటిని జేపెగ్‌గానో టిఫ్‌గానో బయటికి తీసుకోవచ్చు. మూతబడేది సవరణలు చేసే డెవలప్ విభాగం, మ్యాప్ విభాగం. ఇది చాలామందికి తెలియక, చందా ఆపితే పాత పెళ్లిళ్లన్నీ పోతాయని భయపడి కడుతూనే ఉంటారు. ఫోటోషాప్‌కు ఆ వెసులుబాటు లేదు. చందా ముగిస్తే ప్రోగ్రామే తెరుచుకోదు, దాని సొంత ఫార్మాటైన పీఎస్‌డీ ఫైళ్లు మాత్రం మన డిస్కులోనే ఉంటాయి. ఒరిజినల్ ఫొటోలను కంపెనీ క్లౌడ్‌లోనే ఉంచే లైట్‌రూమ్ రకంలో జాగ్రత్త మరింత అవసరం. చందా ఆగిన తరువాత ఒక ఏడాది వరకే ఒరిజినల్స్‌ను ఉంచుతామని అడోబీ చెబుతోంది.

ఆల్బమ్ డిజైనింగ్ చేసేవారి పరిస్థితి దీనికి భిన్నంగా ఉంటుంది. మన వైపు పెళ్లి ఆల్బమ్ అంటే సర్వసాధారణంగా 12×36 అంగుళాల షీటు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అది 3,600 బై 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 90 లక్షల చుక్కలు. ఒక్క పొరకే కంప్యూటరు మెమరీలో వంద ఎంబీ దాటుతుంది. నేపథ్యం, పూల అంచు, జీలకర్ర బెల్లం ఫొటో, తలంబ్రాల ఫొటో, వాటి మీద మాస్కులు, పైన పేర్లు కలిపితే ఇరవై పొరలు తేలికగా అవుతాయి. ఇదంతా పీఎస్‌డీ ఫైలులో పొరలుగా ఉంటుంది. దాన్ని ఇతర ప్రోగ్రాములు కూడా తెరుస్తాయి. ఉచితంగా దొరికే గింప్ తెరుస్తుంది, అఫినిటీ తెరుస్తుంది. కాని స్మార్ట్ ఆబ్జెక్టులు (అసలు ఫొటోను చెడకుండా లోపలే ఉంచుకునే పొరలు), కొన్ని రకాల సవరణ పొరలు అన్నిచోట్లా ఉన్నవి ఉన్నట్టు రావు, కొన్ని చదునైపోతాయి. టెంప్లేట్లు కొని వాటిలో ఫొటోలు అమర్చే డిజైనరుకు ఇది పెద్ద ఇబ్బంది.

పేర్ల సంగతి ఇంకొకటి. మన డిజైనర్లు చాలాకాలం "చి.ల.సౌ." అని మొదలయ్యే వధువు పేరును అను ఫాంట్లలో కొట్టేవారు, ఇప్పటికీ కొడుతున్నారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అదే ఫాంటు లేని కంప్యూటరులో ఆ పొరను తెరిస్తే పెళ్లికూతురి పేరు స్థానంలో అర్థం లేని గుర్తుల వరస కనిపిస్తుంది. చందా అయినా కొనుగోలు అయినా ఇందులో తేడా లేదు. యూనికోడ్‌లో కొట్టిన పేరు వెనక ఉండేది తెలుగు అక్షరాలే గనుక, కొత్త సాఫ్ట్‌వేరుకు మారేవారు ముందుగా ఈ అలవాటు మార్చుకోవాలని నా గట్టి సలహా.

శాశ్వతం ఎంతకాలం?

ఇంతవరకు చదివినవారికి ఒకేసారి కొనడమే మేలనిపించవచ్చు. అక్కడే ఆగితే సగం నిజమే చెప్పినట్టవుతుంది.

కెనాన్ సంస్థ 2018లో ఈఓఎస్ ఎం50 కెమెరాతో సీఆర్3 అనే కొత్త రా ఫార్మాట్‌ను తెచ్చింది, ఆ తరువాత వచ్చిన దాని మిర్రర్‌లెస్ కెమెరాలన్నీ ఆ బాటే పట్టాయి. అంతకుముందే ఆగిపోయిన లైట్‌రూమ్ 6కు సీఆర్3 అంటే ఏమిటో తెలియదు. అంటే సాఫ్ట్‌వేరు చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, కొత్త కెమెరా ఫొటోలు మాత్రం అందులోకి రావు. దీనికి ఒక దారి ఉంది: అడోబీయే ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టరుతో రా ఫైళ్లను డీఎన్‌జీగా మార్చి పాత సాఫ్ట్‌వేరులోకి తీసుకోవచ్చు. 2004లో వచ్చిన ఈ ఫార్మాట్ వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి దీర్ఘకాలం నిలిచే అవకాశం ఎక్కువ. ముహూర్తానికి మూడు వేల ఫొటోలు తీసే చోట ఈ అదనపు మెట్టు వల్ల ఆలస్యమవుతుంది, అయినా అది పనిచేసే దారి.

కంప్యూటరు వైపు నుంచి మరో దెబ్బ తగులుతుంది. ఆపిల్ 2019లో విడుదల చేసిన మాక్ఓఎస్ కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములను నడపడం మానేసింది. సీఎస్6 కొన్న మాక్ వినియోగదారులు కంప్యూటరును అప్‌డేట్ చేయకుండా ఉండాలి, లేదా సాఫ్ట్‌వేరును వదులుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత సాఫ్ట్‌వేరు కోసం పాత విండోస్‌ను అట్టిపెట్టుకుంటే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచుకోవాలి. అలా విడిగా ఉంచిన పాత కంప్యూటరు మా గదిలోనూ ఒకటి ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

కంపెనీల మాట కూడా మారుతుంది. డెన్మార్క్‌కు చెందిన క్యాప్చర్ వన్ చందానూ శాశ్వత లైసెన్సునూ పక్కపక్కనే అమ్మేది; 2023 నుంచి శాశ్వత లైసెన్సు కొన్నవారికి ఆ తరువాత వచ్చే కొత్త సదుపాయాలు ఇవ్వడం ఆపేసింది. ఫొటోలలో గరుకుదనాన్ని తగ్గించే ప్రోగ్రాములతో పేరు తెచ్చుకున్న టోపాజ్ ల్యాబ్స్ 2025లో ఒకేసారి కొనుగోలును పక్కన పెట్టి చందాకు మారింది. చందాలు లేవన్నదే తన గొప్పగా చెప్పుకున్న అఫినిటీ కథ ఇంకో మలుపు తిరిగింది: దాని తయారీదారు సెరిఫ్‌ను 2024లో కాన్వా సంస్థ కొనుగోలు చేసింది, 2025 అక్టోబరులో అఫినిటీని కాన్వా ఖాతా ఉన్నవారందరికీ ఉచితం చేసి, ఏఐ సదుపాయాలను మాత్రం చందా వెనక పెట్టింది. నేడు ఉచితం రేపు ఏమవుతుందో అన్న సందేహం కొందరికి ఉంది. నా మాట ఏమిటంటే, అందులో చేసిన పనిని ఎప్పటికప్పుడు సాధారణ ఫార్మాట్లలో కూడా దాచుకునేవారికి ఆ సందేహం వల్ల నిద్ర చెడే పని లేదు.

ఏఐ ప్రస్తావన వచ్చింది గనుక ఒక్క మాట. రాత్రి ముహూర్తాల్లో తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలలోని గరుకుదనాన్ని తొలగించే పని మన కంప్యూటరులోనే జరుగుతుంది. లైట్‌రూమ్‌లో ఈ సదుపాయం 2023లో వచ్చింది, ఒకేసారి కొనగలిగే డీఎక్స్ఓ ఫొటోల్యాబ్‌లో అంతకుముందే ఉంది. కాబట్టి దాని కోసమే చందా కట్టనక్కరలేదు. ఫొటోలో లేని దృశ్యాన్ని కొత్తగా పుట్టించే జెనరేటివ్ ఫిల్ వంటివి మాత్రం కంపెనీ సర్వర్లలో నడుస్తాయి. వాడిన ప్రతిసారీ అవతల ఖర్చవుతుంది కాబట్టి వాటికి నెలవారీ ధర పెట్టడం సమంజసమే.

మూఢంలోనూ కట్టవలసిన బిల్లు

ధర లెక్కకు వద్దాం. సులువుగా ఉండేందుకు చందా నెలకు 1,000 రూపాయలనుకుందాం. ఒకేసారి కొనేది 15,000, మూడేళ్లకు కొత్త వెర్షనుకు మరో 8,000 అనుకుందాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క కోసం తీసుకున్న అంకెలు. ఆరేళ్లకు చందా 72,000, కొనుగోలు 23,000. తేడా 49,000. కాని ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు చేసే స్టూడియోకు ఆ చందా పెళ్లికి 400 రూపాయలు పడుతుంది. ఆరు పెళ్లిళ్లు చేసేవారికి పెళ్లికి 2,000 పడుతుంది. మొదటివారికి అది ఖర్చే కాదు, రెండోవారికి లాభాన్ని కొరికే ఖర్చు.

మన వృత్తిలో ఆదాయం నెలనెలా సమంగా రాదన్న విషయాన్ని ఏ ధరల పట్టికా పట్టించుకోదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు లేని నెలలు. వాటికి మూఢం తోడైతే విరామం ఇంకా సాగుతుంది: 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి మధ్యదాకా నడిచింది, 2026లోనే అధిక జ్యేష్ఠం కూడా వచ్చింది. చందాకు మూఢం లేదు. పని ఉన్న నెలల్లోనే కట్టి మిగతా నెలల్లో ఆపుకుందామంటే, నెలనెలా విడిగా తీసుకునే వీలు అన్ని ప్లాన్లకూ ఉండదు, ఉన్నచోట నెల ధర ఎక్కువ. నెలకు ఇంత అని కనిపించేవాటిలో చాలా భాగం నిజానికి ఏడాది ఒప్పందాలు, వాయిదాల్లో కట్టేవి. అడోబీ ఏడాది ప్లానును మొదటి 14 రోజుల తరువాత మధ్యలో మానుకుంటే మిగిలిన వాయిదాల్లో సగం వరకు రుసుముగా కట్టవలసి ఉంటుంది. ఈ రుసుమును సరిగా కనబడనివ్వలేదంటూ అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో ఆ సంస్థపై దావా వేసింది. చందా తీసుకునే ముందు "ఏడాది, నెలవారీ చెల్లింపు" అన్న మాటకూ "నెలవారీ" అన్న మాటకూ ఉన్న తేడాను చదివి తెలుసుకోవడం అందరికీ అవసరం.

మన దేశంలో ఒక రక్షణ ఉంది. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి ఇలా తానంతట తానే కోసుకునే చెల్లింపులకు 24 గంటల ముందు సందేశం రావాలి. పరిమితికి మించిన మొత్తమైతే మన అనుమతి మళ్లీ తీసుకోవాలి. ఆ సందేశాన్ని చూడకుండా తుడిచేసే అలవాటు వల్లనే చాలా చందాలు వాడకపోయినా నడుస్తుంటాయి. ఇక సాఫ్ట్‌వేరు మీద 18 శాతం జీఎస్టీ ఉంది. జీఎస్టీ నమోదు ఉన్న స్టూడియో తన నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు, సొంత పేరు మీద ఖాతా తెరిచి కొంటే ఆ అవకాశం పోతుంది. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయంతో నమోదు లేకుండా నడిచే చిన్న స్టూడియోలకు ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే.

మూడో దారి గురించి కూడా మాట్లాడక తప్పదు. చందా కట్టకుండా, కొనకుండా, క్రాక్ చేసిన కాపీని పెన్‌డ్రైవులో తెచ్చుకొని వాడేవారు డెల్టాలో తక్కువేమీ లేరు. చట్టం సంగతి అలా ఉంచినా, క్రాక్ నడవాలంటే యాంటీవైరస్‌ను ఆపమని మొదటి షరతు పెడతారు. నాకు తెలిసిన ఒక స్టూడియోలో అలా ఆపిన కంప్యూటరులోకి రాన్సమ్‌వేర్ చేరి, రెండు సీజన్ల పెళ్లిళ్ల ఫైళ్లన్నిటికీ తాళం వేసింది. డెలివరీ కాని పదకొండు ఆల్బమ్‌లు అందులో ఉన్నాయి. నెలకు వెయ్యి రూపాయలు మిగిలాయనుకున్నది ఆ ఒక్క రోజుతో తుడిచిపెట్టుకుపోయింది. ఆ కుటుంబాలకు ఫోన్ చేసి చెప్పవలసి వచ్చిన మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉచితంగా, న్యాయంగా దొరికే గింప్, డార్క్‌టేబుల్, రాథెరపీ ఉన్నప్పుడు, కెనాన్, నికాన్ తమ కెమెరాల కోసం రా సాఫ్ట్‌వేరును ఉచితంగానే ఇస్తున్నప్పుడు, క్రాక్‌ను సమర్థించడానికి నాకు కారణం కనిపించదు.

ఎవరికి ఏది?

ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో, కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలతో, సీజనుకు ఇరవై ముప్పై పెళ్లిళ్లు చేసే స్టూడియో చందా తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కొత్త కెమెరా కొన్న వారంలో రా ఫైళ్లు తెరుచుకోవాలి, పనిలోకి వచ్చే కుర్రవాడికి తెలిసిన సాఫ్ట్‌వేరు ఉండాలి, టెంప్లేట్లు ఉన్నవి ఉన్నట్టు తెరుచుకోవాలి. అక్కడ కూడా ప్రతి కంప్యూటరుకూ చందా అక్కరలేదు; ఫొటోలు ఎంచి వరస పెట్టే కంప్యూటరుకు ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. ఆల్బమ్ ముద్రించే ల్యాబ్‌కు చివరికి వెళ్లేది జేపెగ్ ఫైలే, దాన్ని ఏ ప్రోగ్రాములో తయారుచేశారని అక్కడ ఎవరూ అడగరు.

కడియం నర్సరీలో మొక్కల ఫొటోలు తీసి వాట్సాప్ కేటలాగ్ పెట్టుకునే యజమానికి, నరసాపురం లేసు అల్లికలను ఆన్‌లైనులో అమ్మే మహిళా సంఘానికి చందా అవసరం లేదు. తెల్ల లేసు తెల్లగా కనబడాలి, ఆకు రంగు ఆకు రంగులా ఉండాలి, నేపథ్యం శుభ్రంగా ఉండాలి. ఇంతవరకే వారి పని. ఇది పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేరుకూ వచ్చు, ఉచితంగా దొరికేదానికీ వచ్చు. మధ్యలో ఉన్నవారు, అంటే ఏడాదికి పది ఫంక్షన్లు చేసే ఒంటరి ఫొటోగ్రాఫర్లు, ఒకేసారి కొనే రా సాఫ్ట్‌వేరు ఒకటి తీసుకొని, ఆల్బమ్ డిజైనింగ్‌ను బయటి డిజైనరుకు ఇవ్వడం మేలు. కెమెరా మార్చే ఏడాదే సాఫ్ట్‌వేరునూ మార్చుకుంటే రెండు ఖర్చులూ ఒక లెక్కలో పడతాయి.

ఎవరు ఏ దారి పట్టినా తప్పకుండా చేయవలసిన పని ఒకటి ఉంది. ఆల్బమ్‌కు ఎంచిన ఫొటోలను, సవరణలన్నీ కలిసిపోయిన స్థితిలో, 16-బిట్ టిఫ్‌లుగా బయటికి తీసి విడిగా దాచుకోవాలి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో ఒక్కొక్కటి దాదాపు 144 ఎంబీ అవుతుంది. మూడు వేల ఫొటోలనూ అలా దాచాలంటే 432 జీబీ కావాలి, అది ఎవరి వల్లా కాదు. ఎంచిన మూడు వందలకైతే 43 జీబీ చాలు. ఈనాటి 4 టీబీ డిస్కులో అలాంటి పెళ్లిళ్లు తొంభై పడతాయి. టిఫ్‌ను తెరవడానికి ఏ చందా అక్కరలేదు, ఏ చిట్టా అక్కరలేదు.

నేను ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను. 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు కోటిపల్లి రేవులో తీసిన ఫొటోలను అప్పట్లో ఒకేసారి డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరులో సవరించి, ఇక అది జీవితాంతం ఉంటుందని నమ్మి, టిఫ్‌లు తీయకుండా వదిలేశాను. నాలుగేళ్ల కిందట కొత్త కంప్యూటరులో దాన్ని పెట్టబోతే యాక్టివేషన్ కాలేదు; సీరియల్ నంబరు సరైనదే, కాని దాన్ని సరిచూసే సర్వరును ఆ కంపెనీ మూసేసింది. మూలన పడేసిన విండోస్ 7 కంప్యూటరు అదృష్టవశాత్తు ఇంకా లేస్తోంది, దానిలో ఆ ప్రోగ్రాము ఇంకా తెరుచుకుంటోంది. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి, అప్పటికి పాతవాటితో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని ఉంది. అందుకని రోజూ రాత్రి ఆ కంప్యూటరు వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ఇరవై ఫొటోల చొప్పున టిఫ్‌లుగా మార్చి కొత్త డిస్కులోకి ఎక్కిస్తున్నాను. ఇప్పటికి నూట అరవై అయ్యాయి. నిన్న రాత్రి రేవు మెట్ల మీద తడి చీర కొంగుతో మనవరాలి తల తుడుస్తున్న ముసలమ్మ ఫొటో దాకా వచ్చాను. అప్పట్లో అనుకున్న రంగులతోనే అది బయటికి వచ్చింది.